చెలిమ నీళ్లు

మొన్న మనుమలతో చెన్నూరు వైపు అడవికి పోయినప్పుడు, బస్సు దిగగానే పిల్లలు ఎవరి సీసా వాళ్ళు తీసి గటగటా తాగుతుంటే, మందమర్రిలో నేను కొత్త కోడలుగా ఉన్న రోజులు కళ్ళముందుకు వచ్చాయి.

అప్పట్లో బొగ్గుబాయి క్వార్టర్లలో నానా ఊళ్ళవాళ్ళం, నానా కులాలవాళ్ళం గోడకు గోడగా బతికేవాళ్ళం, అయినా మా అత్తకు అంటు పట్టింపు ఎక్కువ. మంథనిలో నాలుగు తరగతులు చదివొచ్చిన పక్కింటి అక్కది అత్త దూరం పెట్టే కులం. ఆమె నాకు అక్షరాలు దిద్దించి, కాలనీ గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చి గోడ మీదుగా అందించేది. అది అత్త కంటబడ్డ నాటి నుంచి నాకు అక్కతో మాట, పుస్తకం రెండూ బంద్. సగం చదివిన కథ ఏమైందోనని పొయ్యి ముందు కూర్చుని మథనపడేదాన్ని.

ఆ చైత్రంలో కాలనీ ఆడవాళ్ళం ఇప్పపూలు ఏరడానికి అడవికి పోయాం. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాక, ఎండకు అత్త కళ్ళు తిరిగి కూలబడింది. పక్కింటి అక్క ఎండిన వాగులో చేతులతోనే ఇసుక తోడి చెలిమ తీసింది. అత్త ఆత్రంగా చెయ్యి పెట్టబోతే ఆపింది.

"జర ఆగు అవ్వా. తొల్త ఊరినయి బురద నీళ్లు. తేరనియ్యి."

తేరేదాకా ఇద్దరూ చెలిమ పక్కన కూర్చున్నారు. తేరిన నీళ్లు అక్క మోదుగాకు దొప్పతో ముంచి ఇస్తే, అత్త ఆమె వంక ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని తాగి, ఇంకో దొప్ప అడిగింది. ప్రాణం కుదుటపడ్డాక మాత్రం నాతో, "అడివిల అంటు లేదే పిల్లా. ఇంటికాడి లెక్క ఇంటికాడనే" అంది.

"గట్లనే గానీ, లేచి నడువు అవ్వా. నిన్ను మోసుడు నాతోని కాదు" అని అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అడవికి పోయి మనసు మారిన మునుల కథలు తర్వాత గ్రంథాలయంలో ఎన్నో చదివాను. ఊళ్ళోకి తిరిగొచ్చాక ఆ మనసు నిలిచిందా అన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం అత్త, విస్తళ్ళ కోసం తెచ్చిన ఆకుల్లోంచి ఒకటి తీసి దొప్ప చేసుకుని, పక్కింటి గడప ముందు నిలబడి, "బిడ్డా, గిన్ని నీళ్లు పొయ్యి" అంది. మా ఇంట్లో కుండ నిండుగా ఉంది, పొద్దున నేనే నింపాను. ఆ సాయంత్రం పుస్తకం గోడ మీదుగా కాక, గుమ్మంలోంచి వచ్చింది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. వాగు చూపించి, ఇసుక తోడితే నీళ్లు ఊరతాయని మనుమలకు చెబితే, నవ్వి తమ సీసాలు చూపించారు. పిల్లలు దాహం ఎరుగకపోవడం మంచిదే. కానీ చెలిమ తేరేదాకా ఒకరి పక్కన ఒకరు ఊరికే కూర్చునే ఆ కాసేపు వాళ్ళకు ఎక్కడ దొరుకుతుందో.