మా కారుకి లో వోల్టేజీ

ఎవరేమనుకున్నా సరే, పంపు పెద్దది వేశాం కదా ఇంకేం కావాలి అని అడిగేవాళ్ళతో వాదించడం నేను మానను. ఈ ఉదయం కూడా మా కార్ల గ్రూపులో ఒకాయన అదే మాట అన్నాడు. మామూలు ఇంజనుకి టర్బో తగిలించుకున్నాడట, పెద్ద ఇంజెక్టర్లు వేశాడట, ఖరీదైన ఫ్యూయల్ పంపు తెప్పించి ట్యాంకులో దించాడట, అయినా గట్టిగా తొక్కితే ఇంజను కొట్టుకుంటోందట, కాబట్టి తప్పంతా ట్యూనింగ్ చేసినవాడిదేనట. వైరింగ్ చూశావా అని అడిగితే, వైరుకీ పెట్రోలుకీ ఏం సంబంధం అంటూ నవ్వు బొమ్మలు పెట్టాడు. వరుసగా ఏడు వాయిస్ మెసేజులు పెట్టాను. ఎనిమిదోది పెట్టబోతూ ఆగిపోయాను. అచ్చం అదే మాట, అంతకన్నా పొగరుగా, నాలుగేళ్ల కిందట తిరువూరులో నేనే అన్నాను మరి.

అప్పటికి నాకు ఇరవై మూడు. హైదరాబాదులో టీమ్ లీడరుతో గొడవపడి ఉద్యోగం మానేసి, నాన్న ఎదురుగా రోజూ అన్నం తినడం కష్టమై, మా అమ్మ తమ్ముడి ఇంటికి తిరువూరు వచ్చేశాను. మావయ్యకి రెడ్డిగూడెంలో మామిడితోట, తిరువూరులో ఇల్లు, ఇంటి పక్క రేకుల షెడ్డులో వాడకుండా పెట్టేసిన పాత పెట్రోలు కారు. నేను వీడియోలు చూసి, విడి భాగాలు తెప్పించి, చేతులు కాల్చుకుని దానికి టర్బో బిగించాను. మావయ్య అడ్డు చెప్పలేదు గానీ ఒక్క షరతు పెట్టాడు. ఇంజను పగిలితే ఆ రోజే కారు పాత ఇనుము కొట్టుకి, నేను తిరిగి ఉద్యోగానికి. నాన్న అప్పటికే పాత ఆఫీసులో మాట్లాడి ఉంచాడు, నేను ఊఁ అనడమే తరువాయి. మన వయసు వాళ్ళకి చెప్పక్కర్లేదు, చేయాలనుకున్న పని ఒకవైపు, జీతం వచ్చే కుర్చీ ఇంకోవైపు ఉంటే ఎలా ఉంటుందో.

టర్బో అంటే మరేం లేదు, ఇంజనుకి మామూలు కన్నా ఎక్కువ గాలి తాగించడం. గాలి పెరిగినంతా పెట్రోలు కూడా పెరగాలి, పెరగకపోతే లోపల మంట వేడెక్కిపోయి పిస్టన్ కరిగిపోతుంది. అందుకే ముందే పెట్రోలు చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద పంపు, టర్బో ఒత్తిడితో పాటు పెట్రోలు ఒత్తిడినీ పెంచే రెగ్యులేటరు, అన్నీ వేశాను. అయినా ఎ.కొండూరు దారిలో మొదటిసారి గట్టిగా తొక్కిన రోజున, పక్కన మావయ్య కూర్చుని ఉండగానే, బానెట్ కింద నుంచి రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఇంజను కొట్టుకున్న చప్పుడొచ్చింది. కాలు తీసేశాను. ఆ చప్పుడు ఇంకొక్కసారి వింటే టర్బో విప్పించేస్తానన్నాడు మావయ్య.

మావయ్యతో బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న స్నేహితుడొకాయన బస్టాండు వెనక వ్యవసాయ మోటార్లు, డీజిల్ పంపులు బాగుచేసేవాడు. మావయ్యకి స్నేహితుడు కాబట్టి నాకూ మావయ్యే, ఇద్దరిలో ఎవరో తికమక పడకుండా ఈయన్ని పంపు మావయ్య అని పిలిచేదాన్ని. ఆయన నన్ను కోడలా అనేవాడు. మధ్యాహ్నం నమాజుకి వెళ్ళొచ్చి, చొక్కా చేతులు మడిచి, నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, అసలు పెట్రోలు వస్తోందా లేదా చూద్దామన్నాడు. నేను గర్వంగా పైపు విప్పి క్యానులో పెట్టి పంపు ఆన్ చేశాను. చూస్తుండగానే క్యాను నిండింది.

"ఖాళీ పైపులోంచి ఏ పంపైనా పోసిద్ది కోడలా. మీద బరువు పడ్డప్పుడు ఎంత పోసిద్దో చూడాలి."

"ఇది బోరు మోటారు కాదు మావయ్యా, ఫ్యూయల్ పంపు. లెక్కలుంటాయి."

"లెక్కలు నీ ఫోన్లో ఉన్నాయిలే. పెట్రోలు ఎక్కడుందో చూద్దాం."

బానెట్ సందులోంచి గొట్టం లాగి పెట్రోలు ఒత్తిడి చూపే ప్రెషర్ గేజీని అద్దం బయట వైపరుకి కట్టాడు. నేను ఫోన్ని డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టి వీడియో పెట్టాను. మామూలుగా నడిపితే ముల్లు చక్కగా నిలబడేది, టర్బో అందుకుని గాలి తోస్తున్నకొద్దీ పైకెళ్ళాల్సిన ముల్లు కిందికి జారేది. చప్పుడు రాకముందే కాలు తీసేసేదాన్ని. ఆ వీడియో చూపించి పంపు అమ్మినవాడితో అరగంట పోట్లాడాను, నకిలీది అంటగట్టావని ఇక్కడ రాయలేని మాటలు కూడా అన్నాను. పాపం అతను మారు మాట్లాడకుండా ఇంకొకటి పంపాడు. అది దించాం. ముల్లు మళ్ళీ అక్కడే జారింది. ఆ సాయంత్రం నాన్న ఫోన్ చేసి సోమవారం చేరాలట, ఏం చెప్పమంటావని అడిగితే, ఆదివారం దాకా ఆగమన్నాను.

మర్నాడు పొద్దున్నే పంపు మావయ్య వెనక సీటు ఊడబీకి బయట పెట్టాడు. పంపు తల ఆ సీటు కిందే ఉంటుంది. వోల్టులు కొలిచే మీటరు తీగలు రెండూ అక్కడ గుచ్చి, ఉత్త రేకు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వైరుకీ పెట్రోలుకీ ఏం సంబంధమని నేను ఆ మాట అన్నది అప్పుడే. ఆయన వినిపించుకోలేదు. మావయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టి, ముల్లు ఎక్కడుంటే అక్కడ పైకి చదవమన్నాడు. ఎ.కొండూరు దారి ఖాళీగా ఉంది. మూడో గేరులో మెల్లగా తొక్కడం మొదలుపెట్టాను.

"పదమూడున్నర," అని వెనక నుంచి.

"నలభై ఐదు," అని పక్క నుంచి.

"పన్నెండు. ఇంకొంచెం తొక్కు. పదకొండు."

"నలభై. ముప్పై ఎనిమిది. అమ్మాయ్, దిగిపోతంది."

"పది. ఆపెయ్, ఆపెయ్."

కారు పక్కకి తీసి ఆపాను. ముందు నోరు తెరిచింది మావయ్య. ఇంజను గురించి ఆయనకి తెలిసింది తాళం తిప్పితే స్టార్టవుతుందని మాత్రమే, కానీ లో వోల్టేజీతో ఆయనది ఇరవై ఏళ్ల శత్రుత్వం.

"ఇది మన తోట మోటారు గొడవే కదరా. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బానే ఉండిద్ది, అందరూ మోటార్లు వేశాక చివర నా దగ్గరికొచ్చేసరికి చచ్చుకరెంటు. మోటారు తిరుగుద్ది, నీళ్ళు ఎక్కవు."

పంపు మావయ్య మొహం చూడాలి అప్పుడు. ముప్పై ఏళ్లుగా మోటార్లు విప్పుతున్న మనిషి కన్నా ముందు, మామిడికాయలు కోయించుకునే రైతు జబ్బు చెప్పేశాడు.

"నేనదే అనబోతున్నా."

"అనబోయావు. అన్నది నేను."

విషయం నిజంగా అంతే. కంపెనీ వాళ్ళు కారుతో వచ్చిన చిన్న పంపుకి సరిపడా సన్నటి వైరు వేశారు, అది ఇంజను దగ్గర నుంచి వెనక ట్యాంకు దాకా మూడు నాలుగు అతుకులు దాటుకుని వెళ్తుంది. నేను దాని చివర పెద్ద పంపు కట్టాను. తక్కువ పని ఉన్నంతసేపూ సర్దుకుంటుంది, ఒత్తిడి పెరిగి పంపు కరెంటు ఎక్కువ లాగేసరికి దారిలోనే వోల్టేజీ పడిపోయి, పంపు నెమ్మదించి, ఇంజనుకి పెట్రోలు అందాల్సిన క్షణంలోనే అందడం లేదు.

పంపు మావయ్య కొట్లోంచి సబ్మెర్సిబుల్ మోటార్లకి బోరులో దించే బల్లపరుపు రాగి కేబుల్ ముక్క పట్టుకొచ్చాడు. బ్యాటరీ నుంచి నేరుగా ట్యాంకు దాకా, కార్పెట్ కింద నుంచి, మధ్యలో స్విచ్చులా పనిచేసే రిలే పెట్టి లాగాం. అక్కడే పెద్ద గొడవైంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు అడిగితే ఆయన పింగాణీ ఫ్యూజు తెచ్చి, అలవాటు కొద్దీ అందులో రెండు పోగుల రాగి తీగ మెలితిప్పి పెట్టాడు. ఆ చుట్టుపక్కల ఏ స్టార్టర్ పెట్టె తెరిచినా అదే ఉంటుంది, పొలంలో మోటారు ఆగకుండా తిరగడమే ముఖ్యం. నాకు ఒళ్ళు మండింది. ఆ తీగ అవతలి కొస పెట్రోలు ట్యాంకులో ఉంది, ఎక్కడైనా రేకుకి ఒరుసుకుంటే ఈ రాగి పోగు కరగదు, కారే కాలుతుంది, అందులో మీరిద్దరూ ఉంటారు అని రోడ్డు మీద వాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అరిచాను. ఆయన ఆ తీగ పీకి పారేసి, బండెక్కి వెళ్ళి, నేను చెప్పిన ఫ్యూజు కోసం ఊళ్ళో అన్ని కొట్లూ తిరిగి తెచ్చాడు. కోపంతో నేను గెలిచిన గొడవల్లో ఇప్పటికీ సిగ్గుపడక్కర్లేనిది అదొక్కటే.

ఆదివారం పొద్దున్న మళ్ళీ అదే దారి, అవే సీట్లు. నాన్నకి ఇంకా జవాబు చెప్పలేదు. మూడో గేరులో తొక్కాను. వెనక నుంచి పదమూడున్నర, పదమూడున్నర, పదమూడు అని అంకెలు ఒకే గొంతుతో వస్తున్నాయి. పక్కన నలభై ఐదు, యాభై, యాభై ఐదు అని మావయ్య వేలం పాటలా పాడుతున్నాడు. టర్బో ఈల వేసింది, కారు వీపు మీద చెయ్యేసి తోసినట్టు ముందుకి దూకింది, గులకరాళ్ళ చప్పుడు లేదు. మూడుసార్లు చూశాం. లేదు. మావయ్య బాగుందని అనలేదు, ఎండెక్కుతోంది ఇంటికి పోదామన్నాడు. పంపు మావయ్య వెనక నుంచి, నాకు నడుం పట్టేసింది, నన్ను ఎవరన్నా లేపండ్రా అన్నాడు. ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేసి, రాను అని చెప్పాను.

ఇప్పుడు విజయవాడలో కార్లకి టర్బోలు బిగించే నా సొంత షెడ్డు. రిలే, ఫ్యూజు, కొలిచి కోసిన వైరు అన్నీ ఒకే పెట్టెలో వస్తున్నాయి. వోల్టేజీ, ప్రెషరు, గాలి, వేడి, నాలుగు గీతలూ నా ఫోన్లోనే కనపడతాయి, ఒక్కదాన్నే నడుపుతాను, ఒక్కదాన్నే చూస్తాను, గంటలో అయిపోతుంది. తిరువూరులో మోటార్లు కాలిపోతే ఇప్పుడు కంపెనీ బండే వచ్చి కొత్తది దించి వెళ్తోంది, పంపు మావయ్య కొట్లో సగం భాగం ఫోన్ల కవర్లు అమ్మే అతనికి అద్దెకిచ్చాడు. ఆ కారు ఇంకా మావయ్య దగ్గరే ఉంది, రెడ్డిగూడెం వెళ్ళొస్తూ అనవసరంగా గట్టిగా తొక్కుతుంటాడని అత్తయ్య ఫిర్యాదు.

ఫోన్ గీతలే కచ్చితమని నాకూ తెలుసు. అయినా అంత శుభ్రంగా పనయ్యాక షెడ్డు షట్టరు దించుతుంటే ఏదో వెలితి. ఒకరు గేజీ చదువుతూ, ఒకరు రేకు మీద కూర్చుని వోల్టులు చెబుతూ, జబ్బు ముందు ఎవరు కనిపెట్టారా అని నడిరోడ్డు మీద పోట్లాడుకుంటూ నేర్చుకున్న పని నాకు ఒంట్లో ఇంకిపోయింది. ఒంటరిగా తెర చూస్తూ నాకన్నా బాగా నేర్చుకున్నామనేవాళ్ళు మనలో ఎవరైనా ఉంటే, నా ఎదురుగా నిలబడి ఆ మాట అనగలరా?