పెద్దకోడలి సంచి

మొన్న మంగళవారం మా మేనమామ మనవరాలు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మీ ఇంట్ల పాత చాబీ ఏమన్న ఉన్నదా? ఇనుపది, జర పెద్దది. బడికి కావాలె" అంది. ఎందుకే అని అడిగాను. వాళ్లకు మరాఠీలో ఏదో పాత నవల పాఠంగా ఉందట. ఒక్కొక్కరూ అందులో ఒక్కో పాత్ర అయిపోయి, ఆ మనిషి ప్రాణంగా దాచుకునే మూడు వస్తువులు గుడ్డసంచిలో వేసుకుని రావాలట. ముందు వేసిన కుర్చీలో కూర్చుంటే తక్కిన పిల్లలు ప్రశ్నలు వేస్తారట. "కొత్త పద్ధతి పెద్దమ్మా. మా మేడం అహేరిల ట్రైనింగుకు పోయి నేర్చుకొని వచ్చింది" అని చెప్పింది. మర్నాడు బడికి వెళ్లి, ఇది కొత్తదేమీ కాదనీ, ఇదే ఊళ్లో మా మామ ఎప్పుడో పెట్టాడనీ ఆ మేడంకు చెప్పి వచ్చాను. ఆమె నవ్వి "హో కా?" అంది, అలాగా అన్నట్టు. కూర్చోమనలేదు. కుర్చీలు రెండు ఖాళీగానే ఉన్నాయి. నేను గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

నాకు జ్ఞాపకశక్తి ఎక్కువని మా ఇంట్లో అంటారు. మెచ్చుకోలుగా అనరు. ఎవరి పెళ్లిలో నా విస్తరి దాకా వచ్చి పప్పు గిన్నె వెనక్కి తిరిగిందో, ఏ ఆడబిడ్డ నన్ను దాటేసి పక్కామెకు బొట్టు పెట్టిందో నేను చెప్పగలను. మా ఆయన "గవన్నీ యాదికి పెట్టుకొని ఏం జేస్తవే?" అంటాడు. ఏమీ చేయను. ఉంటాయి, అంతే. వాటన్నిటిలో మొదటిది మా మామ దగ్గర మొదలైంది. ఆ పిల్ల అడిగిన తాళంచెవి కూడా నా పెట్టె అడుగున ఉంది. అది కూడా మా మామ ఇంటిదే.

మాది మహారాష్ట్రలో, జిమల్‌గట్ట దాటి అడవిలోపల చిన్న ఊరు. పెద్ద చదువుకు మా అమ్మ నన్ను సిరొంచలో అమ్మమ్మ ఇంట్లో వదిలింది. మామ అప్పుడు బడిలో తెలుగు సారు. ఇంట్లో "మామా" అని పిలిచి, ప్రాణహిత గాలి మొహానికి కొడుతుండగా ఆయన సైకిల్ వెనకే నడిచి, బడి గేటు దాటగానే "సార్" అనాలి. ఒకసారి మరిచిపోయి క్లాసులో "మామా" అంటే గుంజీలు తీయించాడు. ఇరవై. అమ్మమ్మ సాయంత్రం ఇప్పపువ్వు ఎండబోస్తూ కొడుకును తిట్టింది. ఆయన నిదానంగా, "అమ్మా, బళ్లె మేనకోడలు లేదు, ఇంట్ల సార్ లేడు" అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మేనకోడలికి ఎక్కువ చేశాడని ఎవరూ అనకూడదని ఆయన భయం. ఆ భయంతో నాకు అన్నీ తక్కువ చేశాడు.

ఆ యేడు తెలుగులో ఒక పాత నవల ఉండేది. పెద్ద ఇల్లు, నలుగురు అన్నదమ్ములు, భూమి తగాదా, చిన్నవాడు అలిగి అడవిలోకి వెళ్లిపోవడం. వేరే సార్లయితే 'ఫలానావాని స్వభావము వ్రాయుము' అని ప్రశ్న చెప్పి జవాబు కూడా వాళ్లే చెప్పి రాయించేవారు. మామ అట్లా చేయలేదు. క్లాసులో అందరికీ పాత్రలు పంచాడు. పంచాక హాజరు కూడా ఆ పేర్లతోనే. "చిన్న తమ్ముడు?" "ఉన్న సార్." "పాలేరు?" "ఉన్న సార్." జీతగాళ్ల పిల్లవాడొకడు జమీందారయ్యాడు, రెండు నెలలు వాడు బెంచీ మీద కాలు మీద కాలేసుకునే కూర్చున్నాడు. మామ పైగా "దొరా, పుస్తకం తీస్తవా జర?" అని అడిగేవాడు. ఇంటిని నిలబెట్టే చిన్నకోడలి పాత్ర కలప డిపో ఆఫీసరు కూతురికి ఇచ్చాడు. నాకు పెద్దకోడలు. నవల మొత్తంలో ఆమెకు ఉన్నది ఒక్క మాట. మరిది అలిగి గడప దాటుతుంటే వంటింటి తలుపు దగ్గర నిలబడి "అన్నం చల్లారిపోతోంది" అంటుంది. ఆ తర్వాత ఆమె ఎక్కడా మాట్లాడదు.

నేను అమ్మమ్మకు ఫిర్యాదు చేశాను. అమ్మమ్మ, "ఒక్కగానొక్క మేనకోడలు. దానికి అన్నమొండే వేషమారా?" అని అడిగింది. "గది చిన్న పాత్ర కాదమ్మా" అన్నాడు మామ. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకున్నాను. క్లాసులో మగపిల్లలు "ఏం పెద్దకోడలా, ఇయ్యాల కూరేంది?" అని ఏడిపించేవారు. మొదట ఏడ్చాను, తర్వాత "నీ తలకాయ కూర" అనడం నేర్చుకున్నాను. కానీ మొండిదాన్ని కదా, ఆ నవలను ఐదుసార్లు చదివాను. ఆమె ఎక్కడెక్కడ నిలబడిందో, ఎప్పుడు ఎవరికి వడ్డించిందో అన్నీ గీతలు పెట్టుకున్నాను. మరిదిని ఆపగలిగింది ఆమె ఒక్కతే అని నాకు తెలిసిపోయింది. ఎందుకు ఆపలేదో చెప్పడానికి నా దగ్గర ఒక జవాబు తయారైంది. సంచి పట్టుకుని కుర్చీలో కూర్చునే రోజు కోసం ఎదురుచూశాను. నాకు కావలసింది అదొక్కటే.

ఆ రోజు రానే వచ్చింది, కానీ పెద్ద ఆఫీసరుతో కలిసి వచ్చింది. జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నాడనీ, ఆయనకు తెలుగు రాదనీ మామ ముందురోజు చెప్పాడు. ఆయనకు ఈ పద్ధతి నచ్చితే అన్ని క్లాసుల్లోనూ పెట్టనిస్తారట. మేమంతా పాత్రలకు రాసిన ఉత్తరాలనూ, తన చలువ చొక్కానూ ఆ సాయంత్రమే అమ్మమ్మ ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేయించాడు. తాళంచెవి అమ్మమ్మ నడుముకే ఉండేది. తెల్లారి ఆమె ఏటికి స్నానానికి వెళ్తూ దాన్ని తీసి మేకుకు తగిలించింది. పెద్దకోడలి సంచిలో ఉండాల్సిన మొదటి వస్తువు నాకు మేకుకు వేలాడుతూ కనిపించింది. పెద్దింటి కోడలికి తాళంచెవి కాక ఇంకేముంటుంది? మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు మళ్లీ తగిలిద్దామనుకుని సంచిలో వేసుకున్నాను. మామ అప్పటికి పెరట్లో సైకిల్ తుడుచుకుంటున్నాడు. నేను తోటి పిల్లలతో ముందే వెళ్లిపోయాను.

మామ బడికి నిన్నటి చొక్కాతోనే వచ్చాడు, జేబు దగ్గర సిరా మరకతో. ఎందుకో నాకు తోచలేదు. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు, పిల్లల కుర్చీ ఎదురుగా వేశారు. ఒక్కొక్కరే వచ్చి, తెలుగు నవలలో మనుషులు మరాఠీలో జవాబులు చెప్పారు. డిపో ఆఫీసరు కూతురు గడగడా మాట్లాడింది. జమీందారుకు మరాఠీ సరిగా రాక దర్జాగా మీసం మెలేశాడు, దానికి ఆఫీసరు నవ్వాడు. చివర నేను మిగిలాను. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు, అహేరి బస్సు టైమయింది. మామ నా వైపు చూడకుండానే, ఈమెది చిన్న పాత్ర, ఉండనీయండి అని మరాఠీలో అన్నాడు. 'లహాన్ భూమికా.' నాకు మరాఠీ రాదనుకున్నాడేమో. ఆ రెండు మాటలు బాగానే వచ్చు.

అప్పుడు ఆఫీసరు లేస్తూ, "కాగద్ కుఠే ఆహేత్ గురూజీ?" అన్నాడు, రాసిన కాగితాలు ఏవీ అని. మామ మొహం దించుకుని, ఇంట్లో పెట్టెలో ఉన్నాయనీ, పొద్దున్నుంచి తాళంచెవి కనపడటం లేదనీ చెప్పాడు. ఆఫీసరు ఇంకోసారి నవ్వాడు, ఈసారి వేరేగా. సంచి నా ఒళ్లో ఉంది. బట్ట మీంచి ఇనుము వేలికి తగులుతోంది. లేచి చెప్పవచ్చు. పెట్టె ఉన్న ఇల్లు పరుగెత్తితే పావుగంట. నేను లేవలేదు. సంచిలో ఏముందని అడిగితే కదా చెప్పడం. పిల్లలు మాట్లాడతారు, రాతపని చూపలేదు అని ఆఫీసరు రాసి బస్సెక్కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి అత్త గడ్డపారతో తాళం విరగ్గొట్టి పెట్టె తెరిచింది. విరిగిన తాళానికి తాళంచెవి తెచ్చిస్తే నన్నెవరు మెచ్చుకుంటారు? సంచి విప్పకుండానే దాచాను. ఆ పెట్టెకు తర్వాత తాడే కట్టేవారు. మేకుకు తాను తగిలించిన చాబీని మామే తీసి ఎక్కడో పారేసిండని అమ్మమ్మ చివరిదాకా అంది. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. మరుసటి యేడు క్లాసులో కుర్చీ వేయలేదు. 'స్వభావము వ్రాయుము' అని ప్రశ్న చెప్పాడు, జవాబు కూడా చెప్పాడు, పిల్లలు రాసుకున్నారు. రిటైరయ్యేదాకా అంతే. దానికి నేను ఏడ్చానా, సంతోషించానా అని ఇప్పుడు వెతికితే ఏదీ దొరకదు.

గురువారం ఆ తాళంచెవి తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. మామకు పక్షవాతం వచ్చి మూడో యేడు. కుడిచెయ్యి రాదు, మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు. పిల్ల తాళంచెవి చూసి "అబ్బ, మస్తున్నది పెద్దమ్మా! ఎక్కడిది?" అంది. నేను జవాబు చెప్పేలోపే మామ ఎడమచెయ్యి చాపాడు. పిల్ల ఇచ్చింది. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి, పళ్లు లెక్కపెట్టినట్టు చూసి, తల ఎత్తి నన్ను చూశాడు.

"సంచిల… ఉండెనా?"

"ఉండె మామా. నువ్వు అడుగలే."

పిల్ల ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. వీధిలో ట్రాక్టరు వడ్ల బస్తాలతో వెళ్లింది. అది వెళ్లేదాకా ఆగాడు మామ. తిడతాడనుకున్నాను, ఆయన మొహంలో ఆ జాడ లేదు. క్లాసులో చేసినట్టు ఎడమచేతి వేళ్లు రెండు ఎత్తి చూపించాడు.

"తక్కిన… రెండు?"

ఆనాటి బెంచీ గుర్తుంది, సిరా మరక ఏ జేబు మీదో గుర్తుంది, ఆఫీసరు నవ్వు గుర్తుంది. తక్కిన రెండు వస్తువులేమిటో గుర్తులేదు. పెద్దకోడలు మరిదిని ఎందుకు ఆపలేదో చెప్పడానికి దాచుకున్న ఆ జవాబు కూడా లేదు. మామ వేళ్లు అలాగే ఎత్తి పట్టుకుని, మొద్దు పిల్ల జవాబు కోసం ఎదురుచూసినట్టు చూశాడు. తర్వాత చెయ్యి దించి తాళంచెవి మనవరాలికి ఇచ్చేశాడు. ఆయన నన్ను అడగలేదన్నది ఇన్నేళ్లూ పదిలంగా దాచాను. అడిగితే చెప్పాల్సింది ఈలోగా కాలం ఎప్పుడు పట్టుకుపోయిందో నేను చూసుకోలేదు.