ఇరవయ్యో పచ్చికాయ

కదిలే బస్సును ఉత్తకాళ్ళతో నాలుగు మైళ్ళు తరిమి, నీళ్ళ మీది పెద్ద వంతెన దగ్గర దాన్ని దాటేసి, లోపల కూర్చున్న ఆడమనిషి చేతిలోంచి కొత్త ప్రాసెసర్ లాక్కొచ్చిన మొనగాడు లేగోస్ మొత్తానికి ఒక్వుదిలి ఒక్కడే. నమ్మకపోతే ఇకేజా కంప్యూటర్ బజారులో ఎవరినైనా అడగండి. కొందరు ఆరు మైళ్ళంటారు. ఇక్కడ తగ్గించే చెప్పడమైంది.

పాత ప్రాసెసర్లమ్మే ఆయనకు పిచ్చి ఒకటే. కంప్యూటరుకు మెదడులాంటి ప్రాసెసరు ఏడేళ్ళు నిండితే గాని వాడకానికి రాదంటాడు. ఎవరైనా కొత్తది చూపిస్తే గోటితో నొక్కి, వాసన చూసి, అరటికాయలా వెనక్కిచ్చేస్తాడు.

“పచ్చిది. పండనీ.”

పక్క షాపు మొరెనికేకు ఒళ్ళు మండేది. ఆమె అమ్మేవన్నీ సీలు తియ్యని కొత్త సరుకే మరి. ఆమె ఒకటి అమ్మేలోపు ఆయన ఆరు పాతవి అమ్మేసేవాడు.

“అన్నా, అది షాపా, ముసలాళ్ళ ఆశ్రమమా?”

“ముసలాళ్ళు ఉన్నదాంతో సర్దుకుపోతారు చెల్లీ. నీ కుర్రది కాలు పెడుతూనే తను కూర్చోడానికి కొత్త మదర్‌బోర్డు కావాలంటుంది, కొత్త ర్యామ్ కావాలంటుంది.”

నిజమే. అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడు కూడా అన్ని అడగడు.

ఆ శనివారం మాత్రం మొరెనికేకు నవ్వు రాలేదు. చీకటిపడేలోగా ఇరవయ్యో కొత్త ప్రాసెసరు అమ్మకపోతే కంపెనీవాళ్ళు ఏజెన్సీ లాగేసుకుంటారు. పందొమ్మిది దగ్గర ఆగిపోయింది.

సాయంత్రం టైపింగ్ షాపు పెద్దావిడ ఎబున్ వచ్చింది. వస్తూనే ఒక్వుదిలికి తన మదర్‌బోర్డు నంబరు రాసిన చీటీ ఇచ్చింది. ఆయన దుమ్ము దులిపి ఒక పాతది తీశాడు.

“నా యంత్రాన్ని చూసి ఇస్తున్నావా, నా వయసు చూసి ఇస్తున్నావా?”

భగ్గుమని పక్క షాపుకెళ్ళి, ఇరవయ్యోది కొనుక్కుని బస్సుకు పోయింది.

మొరెనికే రెండు స్టెప్పులేసింది. “చూశావా అన్నా! పచ్చికాయే అమ్ముడుపోయింది!”

ఎబున్ మరిచిపోయిన చీటీ ఒక్వుదిలి బల్ల మీదే ఉంది. సంబరంలో మొరెనికే ఆ నంబరు అడగనేలేదు. ఆయన పాతదాన్ని జేబులో వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా ఉరికాడు.

పావుగంటకు రొప్పుతూ తిరిగొచ్చాడు. చేతిలో ఎబున్ కొన్న డబ్బా, సీలుతో సహా. మొరెనికే నడుం మీద చేతులేసుకుంది.

“బేరం చెడగొట్టావుగా! ఇప్పుడు నా ఏజెన్సీ నువ్విస్తావా?”

“అది ఆమె మదర్‌బోర్డులో కూర్చోదు. సీలు చింపి, పిన్నులు వంచి, సోమవారం తెచ్చి నీ మొహాన కొట్టేది. చింపినదాన్ని మీ కంపెనీ ముట్టుకోదు. పాతదిచ్చి పంపాను.”

“మరి నా ఇరవయ్యోది?”

“అమ్ముడుపోయిందిగా.”

“ఎవరికి?”

“నాకు. ఆమె డబ్బు ఆమెకిచ్చేశాను. బిల్లులో పేరు మార్చు.”

మొరెనికే బిల్లులో పేరు మార్చింది. ఒక్వుదిలి డబ్బా మీద ఏడేళ్ళ తర్వాతి తేదీ రాసి, పై అరలో, చేతికందనంత ఎత్తున పెట్టాడు.

“పండనీ.”

ఏజెన్సీ నిలిచింది. ఇప్పుడు మొరెనికే ఎవరొచ్చినా ముందు మదర్‌బోర్డు నంబరు అడిగి, సగం మందిని పక్క షాపుకు తోలేస్తుంది. తోలేముందు ఆ పరుగు కథ చెప్పకుండా వదలదు. చెప్పిన ప్రతిసారీ వంతెన ఇంకో మైలు దూరం జరుగుతుంది. ఒక్వుదిలి బ్రష్షుతో పాత చిప్పు తుడుచుకుంటూ, తలెత్తకుండా అంటాడు:

“బస్సు అసలు కదల్లేదు. నిండాలంటే ఇంకా ఇద్దరు ఎక్కాలి.”