కంట్రోల్ కీలు పీకిన సెంటర్

తొంభైల చివర్లో చోడవరంలో, ఓ బట్టల కొట్టు మీది మేడలో ఉన్న కంప్యూటర్ సెంటర్‌లో నేను ఏడాదికి కొంచెం తక్కువ పనిచేశాను. ఆ కాలంలో విశాఖపట్నం అనే మాటని ఇంగ్లీషులో ఎన్నిసార్లు కొట్టానో లెక్క లేదు. పదమూడు అక్షరాలు. దాని ముందు రాష్ట్రం పేరు, వెనక మండలం పేరు, ఆ వెనక గ్రామం పేరు. ఇవన్నీ అయ్యాక గానీ అసలు మనిషి పేరు వచ్చేది కాదు. ఓ మనిషిని కంప్యూటర్లోకి ఎక్కించడానికి ముందు ఆ మనిషి జిల్లాని మొత్తం మోసుకెళ్ళాలన్నమాట.

పని ఆడవాళ్ళ ఆరోగ్యం మీద జరిగిన ఓ సర్వేది. విశాఖలో ఓ కంపెనీ దాన్ని కాంట్రాక్టుకి తీసుకుంది. వాళ్ళు చోడవరం, మాడుగుల, చీడికాడ, రావికమతం, ఈ నాలుగు మండలాల కాగితాలు మా సెంటర్‌కి ఇచ్చారు. బస్సు మీద గోనెసంచుల్లో కట్టకట్టలుగా వచ్చేవి. ఒక్కో కాగితం ఒక్కో ఆడమనిషిది. దాన్ని చూసి తెర మీది ఫారంలో వరసగా గళ్ళు నింపాలి: రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం, భర్త పేరు, ఆ తరవాత ఆవిడ పేరు. భర్త తరవాతే ఆవిడ పేరెందుకని అడిగితే, ఫారం విశాఖలో తయారైందన్నారు.

మా సెంటర్ యజమానిని అందరం సారు అనేవాళ్ళం. అంతకుముందు ఆయన అదే మేడలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. మిషన్లు అమ్మేసి మూడు కంప్యూటర్లు కొన్నాడు గానీ చెవులు మాత్రం పాతవే ఉంచుకున్నాడు. ప్లైవుడ్ అడ్డుగోడకి అవతల కూర్చుని, మేం ఎంత పని చేస్తున్నామో చప్పుడు బట్టి తేల్చేవాడు. కీబోర్డు టకటకలాడితే పని జరుగుతున్నట్టు. ఆగితే వెంటనే గోడవతల నుంచి వినపడేది.

"ఏటమ్మా, ఏళ్ళు నొప్పెడతన్నాయేటి?"

నా పక్క కంప్యూటర్ ముందు ఓ అక్క ఉండేది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. టైపు పరీక్షలో హయ్యర్ ఫస్టు క్లాసు; నేను హయ్యర్ బొటాబొటిగా పాసయ్యాను. వేళ్ళు వేగంగా కదిలేవి, నోరు అంతకంటే వేగం. మూడో కంప్యూటర్ ముందు ఎప్పుడూ కొత్తవాళ్ళే. విశాఖపట్నం కొట్టీ కొట్టీ నెల తిరక్కుండా మానేసేవాళ్ళు.

ఓ రోజు మధ్యాహ్నం ఎంటర్ కొట్టబోయి పొరపాటున దాని పక్కనున్న అపాస్ట్రఫీ కీ కొట్టాను. ఎడమచేతి చిటికెనవేలు అప్పటికే కంట్రోల్ కీ మీద ఉంది. ఖాళీగా ఉన్న జిల్లా గడిలో విశాఖపట్నం దానంతటదే వచ్చి కూర్చుంది. పక్క గడిలోకి వెళ్ళి మళ్ళీ నొక్కి చూశాను. మండలం వచ్చింది. ముందు కాగితంలో ఆ గడిలో ఏం కొట్టానో అదే మళ్ళీ దిగుతోందని నాలుగోసారికి అర్థమైంది. ఇన్ని నెలలుగా ఈ సంగతి ఆ కీబోర్డులోనే ఉంది. మాకెవరూ చెప్పలేదు. నాకు సంతోషం కంటే ముందు ఒళ్ళు మండింది.

అక్కకి చూపించాను. ఆవిడ మూడుసార్లు నొక్కి చూసి, నా వంక చూసి, గొంతు తగ్గించి, "ఒసే గుంటా, ఇది మాత్రం సారుకి సెప్పకు. రోజుకి రెట్టింపు కట్టలు పెడతాడు" అంది.

చెప్పలేదు. సాయంత్రానికి అవ్వాల్సిన కట్ట భోజనాల వేళకే అయిపోయేది. కానీ చప్పుడు తగ్గిపోయింది. సారు రెండుసార్లు గోడ పక్కనుంచి తొంగి చూశాడు. అందుకని పని అయిపోయాక వేరే పేజీ తెరిచి ఏదో ఒకటి కొట్టేవాళ్ళం. అక్క తన ఆడపడుచు గుణగణాల్ని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలతో పేజీలకి పేజీలు కొట్టి, చివర్లో చెరిపేసేది. ఆ వారం సారు మమ్మల్ని పిలిచి, స్పీడు బాగా పెరిగిందని మెచ్చుకున్నాడు కూడా.

అక్కడితో ఆగితే బాగుండేది. చీడికాడ మండలంలోని ఓ ఊరి కాగితాలు ఎక్కిస్తున్న రోజున అక్క, తన ఆడపడుచు పండగ చీర తిరగ్గొట్టిన కథ చెబుతోంది. నా చెవులు అక్కడున్నాయి, వేళ్ళు ఇక్కడున్నాయి. నాలుగు గళ్ళకి నొక్కాల్సిన కీ అయిదో గడికి కూడా నొక్కాను. అంటే భర్త పేరు గడికి. తరవాతి కాగితానికీ అంతే. దీనిది దానికి, దానిది దాని వెనకదానికి, అలా ఒకే మనిషి పేరు వీధి పొడవునా నడుచుకుంటూ పోయింది. చీర కథ అయిపోయాక మళ్ళీ మామూలుగా కొట్టాను. వెనక్కి చూసుకోలేదు.

కొన్నాళ్ళకి, అభ్యంతరాలుంటే చెప్పమని, మేం ఎక్కించిన పేర్ల పట్టీలు అచ్చు తీసి ఏ ఊరివి ఆ ఊరి పంచాయితీ ఆఫీసు గోడకి అంటించారు.

ఓ సోమవారం పొద్దున్న ఒకాయన, వెనక వాళ్ళ వీధిలోనే ఉండే ఒకావిడ మా మెట్లెక్కి వచ్చారు. ఆయన చేతిలో గోడ నుంచి పీకిన కాగితం, దాని మూలల్లో ఇంకా మైదాపిండి అంటుకుని ఉంది. సారు ఎదురెళ్ళాడు.

"బాబూ, ఈ పేర్లెక్కించింది మీరేనా?"

"అవునండి. ఏటి సంగతి?"

"సంగతేటంటే, నాకు తొమ్మిదిమంది పెళ్ళాలని మీరు గోడ మీద రాయించేరు. నాకు ఉన్నది ఒకర్తి. అదీ ఇప్పుడు అన్నం పెట్టడం మానేసింది."

వెనకున్నావిడ ముందుకొచ్చింది. "ఆరో నెంబరు నానండి. మూడో నెంబరు మా అమ్మ. ఇదేటి రాతో మీరే సెప్పండి."

సారు కాగితం తీసుకుని చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. అప్పట్లో అన్నిటికీ పనికొచ్చే మాట ఒకటుండేది. పరీక్ష పోయినా, రైలు టిక్కెట్టు దొరక్కపోయినా జనం ఆ మాటకి తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. సారు ఆ మాటే వాడాడు.

"అది కంప్యూటర్ మిస్టేకండి."

"కంప్యూటరా? దానికి నా మీద కోపమేటి బాబూ? నానెప్పుడూ దాని మొఖం కూడా సూడలేదు."

ఇక లోపల కూర్చోలేక నేను బయటికి వచ్చాను. "తప్పు నాదేనండి. కంప్యూటర్‌ది కాదు. చూసుకోకుండా కొట్టేశాను" అన్నాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నీకు పెళ్ళయిందా?"

"లేదండి."

"మరి నీ పేరు కూడా ఎక్కించేసుకోపోయావా. పది నిండును."

అక్క గోడవతల నవ్వు ఆపుకోలేక దగ్గింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. వాళ్ళిద్దర్నీ నా కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్ళి, సంచిలోంచి అసలు కాగితాలు తీసి, తొమ్మిదిలో తప్పుపడ్డ ఎనిమిదీ వాళ్ళ కళ్ళముందే సరిచేశాను. ఒక్కో భర్త పేరూ మారుతుంటే ఆవిడ వేలు పెట్టి చూసుకుంది. తన తల్లి పక్కన తండ్రి పేరు పడ్డాక, "ఇప్పుడు బాగుంది" అంది. ఆయన మెట్లు దిగుతూ సారు వైపు తిరిగి, "కొత్త కాగితం మీరే వొచ్చి అంటించండి బాబూ. నాను అంటిస్తే నానే మార్పించేనంటారు" అన్నాడు. సారు మర్నాడు బస్సెక్కి వెళ్ళి అంటించి వచ్చాడు.

వచ్చాక విచారణ మొదలైంది. కీ సంగతి చెప్పక తప్పలేదు. సారుకి తప్పు జరిగినందుకు కంటే, కొట్టకుండానే కొట్టినట్టు చూపించినందుకు ఎక్కువ బాధ కలిగింది.

"హయ్యర్ పాసైన గుంటవి. పరీక్షలో పక్కోడిది సూసి రాసినట్టు కాదా ఇది? ఇక మీదట ప్రతి అక్షరం ఏలితోనే పడాలి."

అని ఊరుకోలేదు. స్క్రూడ్రైవర్ తెచ్చి మూడు కీబోర్డుల్లోంచి కంట్రోల్ కీలు పీకేశాడు. ఒక్కోదానికి రెండు చొప్పున ఆరు కీలు. వాటిని వక్కపొడి డబ్బాలో పోసి సొరుగులో పెట్టి తాళం వేశాడు. కంప్యూటర్ బిగుసుకుపోయిందంటే దాన్ని మళ్ళీ మొదలుపెట్టడానికి కంట్రోల్ కీ కావాలి. అప్పుడు సారుని పిలవాలి. ఆయన పెన్ను తీసుకుని వచ్చి, కీ పోయిన చోట మిగిలిన బొడిపెని దాంతో పొడిచి వెళ్ళేవాడు. రోజుకి నాలుగైదుసార్లు. ఆపరేషన్ చేసిన డాక్టరులా మొహం పెట్టేవాడు.

మళ్ళీ టకటకలు మొదలయ్యాయి. సారు హాయిగా టీ తాగాడు.

నాకు మాత్రం కోపం పోలేదు. ఎఫ్ వన్ నొక్కితే కంప్యూటర్ తన గురించి తానే ఇంగ్లీషులో చెప్పుకుంటుందని అప్పటికి తెలుసు. ఆ కీ కూడా పీకాలని సారుకి తోచలేదు. ఇంటినుంచి డిక్షనరీ తెచ్చుకుని, భోజనాల వేళ కొంచెం కొంచెం చదివాను. గడికి ముందే ఓ మాట అప్పగించి ఉంచితే, కొత్త కాగితం తెరవగానే ఆ మాట అక్కడ సిద్ధంగా ఉంటుందని తెలిసింది. గ్రామాల పేర్లు ఓ పట్టీగా ఇస్తే, కొట్టకుండా అందులోంచి ఎంచుకోవచ్చని కూడా తెలిసింది. తెలిసి ఏం లాభం? ఫారం ముట్టుకుంటే ఈసారి నా వేళ్ళే పీకేసేలా ఉన్నాడు సారు.

రెండు నెలలకి విశాఖ కంపెనీ నుంచి ఓ మనిషి వచ్చాడు. నీరసంగా కూర్చుని, సంచిలోంచి ఓ కాగితం తీశాడు.

"మేం మీకు నాలుగు మండలాలిచ్చాం. మీరు ముప్పైరెండు పంపారు."

"అబ్బే, నాలుగేనండి" అన్నాడు సారు.

వచ్చినాయన చదవడం మొదలుపెట్టాడు. "చోడవరం. చిడవరం. చోడవటం. చోడవరన్. చోడవరరం. ఇవి ఎక్కడున్నాయండి? మా పై ఆఫీసరు మ్యాపు తెమ్మన్నారు. కె తరవాత ఎ రెండుసార్లు పడి రావికామతం ఒకటుంది. ఇదేదో వేరే వ్యవహారంలా ఉంది."

నాకు అర్థమైంది. రోజుకి వందలసార్లు ఒకే మాట కొడుతుంటే వేలు పక్క కీ మీద పడుతుంది. మనిషి కంటికి అది చోడవరమే. కంప్యూటర్‌కి మాత్రం ఒక్క అక్షరం తేడా వస్తే కొత్త ఊరు. వేళ్ళతో నిజాయితీగా కొట్టి ఇరవైఎనిమిది మండలాలు పుట్టించాం. వాటిలో నావీ కొన్ని ఉండే ఉంటాయి.

"కంప్యూటర్ మిస్టేకండి" అన్నాడు సారు. ఈసారి గొంతులో బలం లేదు.

వచ్చినాయన లేచి మా దగ్గరికి వచ్చాడు. కీబోర్డు చూసి వంగి మళ్ళీ చూశాడు. "ఇక్కడ కీ ఏదండీ?"

అక్క ఉండబట్టలేకపోయింది. "సారు సొరుగులో ఉందండి. వక్కపొడి డబ్బాలో."

డబ్బా వచ్చింది. ఆరు కీలూ ఆయన అరచేతిలో పోశాడు సారు. ఆయన వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. అప్పుడు నేను, "ఫారం మారిస్తే అసలు ఈ కీ కూడా అక్కర్లేదండి" అన్నాను. చూపించమన్నాడు. కూర్చుని చూపించాను. మండలానికో ఫారం. రాష్ట్రం, జిల్లా, మండలం ముందే నిండి ఉంటాయి. గ్రామం పట్టీలోంచి ఎంచుకోవాలి. భర్త పేరు మాత్రం ఎప్పుడూ ఖాళీగానే తెరుచుకోవాలి, చేత్తోనే కొట్టాలి. ఆ గడికి ఎందుకంత పట్టుదల అని ఆయన అడిగాడు. అక్క చెప్పబోతే కాలు తొక్కాను.

"బాగుందండి, ఈ ఆలోచన ఎవరిది?" అని ఆయన సారునే అడిగాడు.

"మన సెంటర్ పద్ధతండి. స్టాఫుకి నేనే ట్రైనింగ్ ఇచ్చేను" అన్నాడు సారు, రెప్ప వెయ్యకుండా.

ఆ మాట మింగడం తొమ్మిదిమంది పెళ్ళాల రోజు కంటే కష్టమైంది. ఆ నెలే మేడ మీది బోర్డుకి కొత్త పంక్తి చేరింది: ఆధునిక పద్ధతిలో డాటా ఎంట్రీ నేర్పబడును. నేర్పింది నేను. జీతంలో ఏ మార్పూ లేదు.

మూడు నెలలు పట్టాల్సిన మిగతా పని అయిదు వారాల్లో అయిపోయింది. ఆఖరి కట్ట ఎక్కించిన శనివారం సారు మాడుగుల హల్వా పొట్లం తెప్పించి మా ఇద్దరికీ పెట్టాడు. తిన్నాక చెప్పాడు.

"సోమవారం నుంచి మీరిద్దరూ రెస్టు తీసుకోండమ్మా. మళ్ళీ పనొస్తే కబురంపుతాను."

"ఎన్నాళ్ళు సారూ రెస్టు?" అని అక్క అడిగింది. ఆయన హల్వా పొట్లం మళ్ళీ కట్టడంలో మునిగిపోయాడు.

మెట్లు దిగుతూ, "నా వల్లే కదక్కా. పాత పద్ధతిలో కొట్టుకుంటూ ఉంటే ఇంకో రెండు నెలలు జరిగేది" అన్నాను.

"నోరుముయ్యే. పని అయిపోవడం కూడా నేరవేటి? ఇంకో పని తెచ్చుకోవడం ఆయనకి సేతకాలేదు. ఆ సిగ్గు ఆయన్ది" అంది అక్క. చీరకొంగుతో చేతికంటిన నెయ్యి తుడుచుకుని బస్టాండు వైపు నడిచింది.

కబురు రాలేదు. అక్క ఊళ్ళోనే ఓ స్కూల్లో చేరింది. నాకు అనకాపల్లిలో ఓ కాలేజీ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. అక్కడ విద్యార్థుల వివరాలు ఎక్కించాలి. మొదటి వారంలోనే ఫారం మార్చి ఆఫీసు సూపరింటెండెంటుకి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బాగుందమ్మా. మరి మిగిలిన టైములో ఏటి సేస్తావు?" అన్నాడు.

మర్నాడు ఆయనే ఆలోచించి, లైబ్రరీ పుస్తకాల పని కూడా నా బల్ల మీద పెట్టించాడు.