కవయిత్రి కుడిచెయ్యి

ఆ వీధిలో బ్రష్షు బాబాయ్ అంటే తెలియనివాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లు దుకాణాలకి బోర్డులు రాశాడు. మందుల షాపు, సైకిల్ షాపు, పళ్ల డాక్టరు, ఎవరిదైనా సరే, ఆయన బ్రష్షు పడితే అక్షరం పీట వేసుకుని కూర్చున్నట్టు కూర్చునేది. రాయడం అయ్యాక కింద కుడి మూల చిటికెనవేలి గోరంత అక్షరాల్లో తన పేరు, ఫోన్ నంబరు పెట్టేవాడు. అవి పెట్టనిదే నిచ్చెన దిగేవాడు కాదు. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. నిచ్చెన పెరట్లో తడిబట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చింది.

అలాంటి మనిషికి అరవయ్యో ఏట ఆడమనిషి చెయ్యి అయ్యే యోగం పట్టింది.

టీవీలో ఒక సీరియల్ మొదలైంది. నూట యాభై ఏళ్ల కిందటి కవయిత్రి కథ. దీపాలు, ఈక కలాలు, గాజులు అన్నీ ఆ కాలానివే. మాటలు మాత్రం నిన్న మొన్నటివి. మొదటి వారమే ఆవిడ మొగుణ్ణి నిలబెట్టి, "నాకు కొంచెం స్పేస్ కావాలి" అనేసింది. వెనకాల గిటారొకటి. ఇదేం చోద్యమండీ అని ఎవరడిగినా డైరెక్టరుది ఒకటే జవాబు: "ఆవిడ ఆ కాలంలో పుట్టిన ఈ కాలపు మనిషి."

వేషం వేసిన అమ్మాయి అందంగా ఏడుస్తుంది, అంతకన్నా అందంగా కోప్పడుతుంది. కలం పట్టుకుంటే మాత్రం కోడి కెలికినట్టే. అందుకని రాసే చేతిని దగ్గర్నుంచి చూపించాలంటే ఇంకొకరి చెయ్యి కావాల్సి వచ్చింది. వెతగ్గా వెతగ్గా బాబాయిది దొరికింది. సన్నటి వేళ్లు, నిలకడైన మణికట్టు. వెంట్రుకలతోనే చిక్కు. షూటింగు రోజున పొద్దున్నే పెరట్లో కూర్చుని మోచేతిదాకా గీసుకునేవాడు. కాస్త అద్దం పట్టుకోవే అంటే ఆయన భార్య, వీధందరికీ పిన్ని, పట్టుకునేది కాదు.

"మొహాన గడ్డం వారం నుంచి గడ్డి పెరిగినట్టు పెరుగుతోంది. చెయ్యి మాత్రం పెళ్లికూతురిదిలా ఉండాలి!"

"మొహం టీవీలో రాదుగా."

"పేరైనా వస్తుందా?"

అక్కడే ఉంది ముల్లు. ఊళ్లో అందరి పేర్లూ గజమెత్తున రాసినవాడికి తన పేరు ఒక్కసారి తెర మీద చూసుకోవాలని ఉంది. యాభయ్యో ఎపిసోడ్ నుంచి చివర్లో వేస్తామని మేనేజరు మాటిచ్చాడు. పిన్ని కాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టింది.

ఇంకో మూడు ఎపిసోడ్‌లుండగా కొంప మునిగింది. కవయిత్రి తొలి కవిత రాసే ఘట్టం. కోత లేకుండా ఒక్క బిగిన తీస్తామన్నాడు డైరెక్టరు. "నీ మనసులో ఉన్నది చేతిలో కనిపించాలి బాబాయ్!" బాబాయి మనసులో ఉన్నది పాతిక మంది చూస్తున్నారన్న బెదురు. బెదిరిన చెయ్యి తెలిసిన దారినే పోతుంది. బోర్డు రాసేవాడు వరసని మొదట్నుంచి రాయడు. రాస్తే చివర చోటు చాలక అక్షరాలు బస్సులో జనంలా ఇరుక్కుంటాయి. అందుకని నడిమధ్య అక్షరం ముందు పెట్టి, అక్కణ్ణుంచి కుడికొకటి ఎడమకొకటి వేసుకుంటూ పోతాడు. కవయిత్రీ అలాగే రాసింది. సెట్లో అందరూ గాజుల మెరుపు చూస్తున్నారు గానీ రాత ఎవరూ చూళ్లేదు.

ఇంట్లో టీవీ ముందు పిన్ని చూసింది.

"ఏవండీ, ఆవిడ కవిత్వం రాస్తోందా, బట్టల కొట్టు తెరుస్తోందా?"

బాబాయి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "అయిపోయిందే. రేపట్నుంచి రావొద్దంటారు."

"అది సరే. మరి పేరో?"

మర్నాడు తేలు కుట్టిన దొంగలా వెళ్లాడు. అక్కడ చూస్తే అందరూ పండగ చేసుకుంటున్నారు. ఎవరో ప్రొఫెసరు వేరే చానెల్లో కళ్లజోడు తీసి మరీ చెప్పాడట: "ఆలోచన మధ్యలో పుట్టి రెండువైపులా విచ్చుకుంటుంది. ఎంత ఆధునికం!" వేషం వేసిన అమ్మాయి ఊరుకుంటుందా? మూడు నెలలు ఆలోచించి తానే అలా రాశానని, ఆ చెయ్యి తనదేనని ఇంటర్వ్యూ ఇచ్చేసింది.

మేనేజరు బాబాయిని మేకప్ గది వెనక్కి లాక్కెళ్లాడు. "ఇప్పుడు నీ పేరు వేస్తే ఆ అమ్మాయి పరువు పోతుంది. పని నీదే. పేరొక్కటీ అడక్కు."

ఇంటికొచ్చి చెబితే పిన్ని చేట పక్కన పెట్టి విన్నది.

"సొమ్మొకడిది, సోకొకడిది!" అంది. కాలెండరులో సున్నా మాత్రం చెరపలేదు. ఆయన కుడిచెయ్యి వంక చూసి, "ముప్ఫై ఏళ్లలో మూల సంతకం పెట్టకుండా ఏ నిచ్చెనైనా దిగారా?" అనడిగింది.

"లేదు."

"ఊ," అని మళ్లీ చేట అందుకుంది.

యాభయ్యో ఎపిసోడ్‌లో కవయిత్రి మొగుడికి ఉత్తరం రాసిపెట్టి ఇల్లు వదిలి వెళుతుంది. ప్రసారం రోజు పిన్ని కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. కవయిత్రి కలం పెట్టేసింది. తడి సిరా మెరుపు చూపించాలని కాబోలు, కెమెరా కాగితం మీదుగా నెమ్మదిగా జారి కింద కుడి మూల ఆగింది. చిటికెనవేలి గోరంత అక్షరాల్లో బాబాయి పేరు! దాని కింద పది అంకెలు.

"అయ్యో, నంబరు కూడా రాశారా!"

"పేరే రాద్దామనుకున్నానే. చెయ్యి ఆగలేదు."

ఫోన్ మోగింది.

"కవయిత్రి గారేనాండీ?"

"కాదమ్మా. ఆవిడ చెయ్యిని."

రెండోది ఎవరో టైలరు. బోర్డు కావాలట, అలా మధ్యలోంచే రాయాలట, తను నిలబడి చూస్తాడట. మూడోది డైరెక్టరు.

"నూట యాభై ఏళ్ల కిందటి మనిషికి ఫోన్ నంబరేంటయ్యా!"

"ఆవిడ ఈ కాలపు మనిషని మీరేగా సార్ అన్నారు."

ఫోన్లో డైరెక్టరు వెనకాల ఎవరో పగలబడి నవ్వుతున్నారు.

"ఆ అమ్మాయికి నేను చెప్పుకుంటాను," అన్నాడు చివరికి. "రేపట్నుంచి నీ పేరు మేమే వేస్తాం. నువ్వు మాత్రం ఇంకెక్కడా రాయకు. తొమ్మిదింటికల్లా చెయ్యి గీసుకుని రా."

పొద్దున్నే బాబాయి పెరట్లోకి వెళ్లేసరికి నీళ్ల చెంబు, బ్లేడు సిద్ధంగా ఉన్నాయి. పిన్ని రెండు చేతులా అద్దం పట్టుకుని నిలబడింది.

"ముందు గడ్డం కానివ్వండి."

"ఎందుకే? మొహం రాదుగా."

"పేరొచ్చిందిగా. ఇక మొహం చూడ్డానికి నలుగురూ ఇంటికే వస్తారు."