నా డీజిల్ కారుకు దమ్ము పెంచిన డబ్బా

ముందే చెప్పేస్తున్నాను, నేను ఏది చెప్పినా సాగదీస్తాను. మా వీధిలో కుక్క మొరిగితే నా నోట్లోంచి అది పులిగా బయటికొస్తుంది. కాబట్టి ఇందులో పది కనిపించినచోట మూడు అనుకోండి. మూడు కనిపిస్తే మాత్రం మూడే, అది నేను పొరపాటున నిజం చెప్పిన చోటు.

తెలంగాణ ఉద్యమం రోజులు. ఇల్లు హయత్‌నగర్‌లో, ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌లో, మధ్యలో ఎల్బీనగర్ చౌరస్తా. అక్కడ పొద్దున ధర్నా, మధ్యాహ్నం రాస్తారోకో, సాయంత్రం ర్యాలీ. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య దొరికే సందులోంచి జారిపోవడమే మా ప్రయాణం. నేనూ తెలంగాణ కావాలన్నవాణ్నే. ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లడమే ఉద్యమంలో నా వంతు అనుకునేవాణ్ని. మా పై అధికారి అలా అనుకోలేదు.

నా డీజిల్ కారుకు అప్పటికి ఏడేళ్లు. చౌరస్తా ఖాళీ అయిందని ఎక్సిలేటర్ తొక్కితే, అది కాసేపు ఆలోచించి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగొచ్చి, అప్పుడు కదిలేది. ఈలోపు ఇంకో ర్యాలీ వచ్చేసేది.

ఎల్బీనగర్‌లో నాకో మెకానిక్ ఉండేవాడు, నల్గొండ మనిషి. బానెట్ ఎత్తి, రోగి నాడి చూసినట్టు ఇంజిన్ మీద చెయ్యి పెట్టాడు.

"సార్, దీన్ల దమ్మున్నది. కంపెనోళ్లు కట్టేసి పెట్టిన్రు. ఒక చిన్న డబ్బా పెడ్త. పెట్టినంక మీరు ఆపుదమన్నా ఆగది."

"ఖరాబు కాదు గదా?"

"ఏం కాదు సార్. జర పొగ ఒస్తది. పొగ రాకుంటే డీజిల్ బండని ఎట్ల తెలుస్తది?"

సబ్బుపెట్టెంత డబ్బా అది. డీజిల్ చాలడం లేదు, ఇంకా పొయ్యమని ఇంజిన్‌కు అబద్ధం చెప్పడమే దాని పని. నా జాతి వస్తువు కదా, చూడగానే నచ్చేసింది. దానికి తోడు కొత్త ఎయిర్ ఫిల్టరు, ఏనుగు తొండమంత సైలెన్సరు కూడా పెట్టించాను.

మొదటిరోజు నిజంగానే దూసుకెళ్లింది. వనస్థలిపురంలో మొదలుపెట్టిన తుమ్ము చింతలకుంటలో పూర్తయింది. తర్వాత ఎల్బీనగర్ వచ్చింది, ముందు సిటీ బస్సు ఆగింది, నేనూ ఆగాను. ఎంత దమ్మున్న కారైనా బస్సు మీదనుంచి ఎగరదు కదా. పక్కనే తోపుడుబండి మీద జామకాయలు అమ్మే ఆయన నన్ను దాటుకుని వెళ్లిపోయాడు. నేను దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి ఆయన సగం బండి అమ్మేశాడు.

పొగ సంగతి వేరే చెప్పాలి. మా ఎదురింటాయనది గుంటూరు. ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపారు.

"ఏవండీ, మీరు ఏ టైముకి బయల్దేరతారో చెబితే మా ఆవిడ ఆ తర్వాతే బట్టలు ఆరేసుకుంటుందండీ."

"రాష్ట్రం ఇచ్చేదాంక జర ఓపిక పట్టున్రి అన్నా."

"రాష్ట్రం ఎప్పుడిస్తారో నాకు తెలీదు గానీ, ఈలోపు మా గోడకి సున్నం మాత్రం మీరే వేయించాలండీ."

నెల తిరక్కుండానే క్లచ్ జారడం మొదలైంది. ఇంజిన్ అరుస్తుంది, చక్రాలు వినిపించుకోవు. నేను పట్టించుకోలేదు. పికప్ గురించి ఊరంతా చెప్పుకున్నాక క్లచ్ గురించి ఏ మొహంతో చెప్పుకోను?

అలాంటి ఒక పొద్దున పదింటికి మా మామ గుమ్మంలో నిలబడ్డారు. మా ఆవిడ తండ్రి, పోచంపల్లిలో నేతపని. చేతిలో తువ్వాలలో చుట్టిన చీర. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణం వాళ్లు పెళ్లికూతురి కోసం చెప్పి నేయించుకున్నది, రెండు నెలల పని. పెళ్లివాళ్లు పన్నెండింటికి దుకాణానికి వస్తారు, అప్పటికి ఈ చీర అందకపోతే వేరేది తీసుకుంటారు. ముందు రాస్తారోకో ఉందని ఆయన ఎక్కిన బస్సును హయత్‌నగర్‌లోనే ఆపేశారు.

"అల్లుడా, ఆటోలు గూడ పోతలేవు. ఇప్పుడు నడుసుడు వెడితే అందుకుంటనా?"

"నడుసుడెందుకు మామా. నా బండి ఏమనుకున్నరు? పావుగంటల దించుత."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "నాయినా, నువ్వు నడిచే పో."

ఆయన కూతురి మాట వినలేదు. నా పాపం పండింది. చీరను డిక్కీలో పెడదామంటే ఒప్పుకోలేదు, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నారు. పావుగంటలో మేం లారీల వరస చివరికి చేరాం. ఆ వరస మొదటికి చేరేసరికి పదకొండున్నర.

చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు పెట్టి, గుండిగల్లో అన్నం, పప్పు వండుతున్నారు. మామ కిందికి దిగి మూట విప్పి చూపించారు. చీర మీది పువ్వులు చూసి, గరిటె పట్టుకున్న ఒకావిడ మెత్తబడింది.

"పెండ్లి చీరనట. పోనియ్యిన్రి, జర జరగున్రి."

జనం దారి ఇచ్చారు. రెండు పొయ్యిల మధ్య నుంచి మెల్లగా వెళ్లిపోతే చాలు. కానీ అంతమంది చూస్తుంటే మెల్లగా వెళ్లడం నా వల్ల కాలేదు. గట్టిగా తొక్కాను. క్లచ్ పూర్తిగా జారిపోయింది. కారు ఉన్నచోటే ఉండి సింహంలా గర్జించింది. వెనకనుంచి పొగ లేచింది. అలాంటి ఇలాంటి పొగ కాదు, మలక్‌పేట దాకా పొద్దు గుంకింది. రోడ్డు అవతలి నుంచి ఒక పోలీసాయన నీళ్ల బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు.

"టైర్లు ఎవరు కాలవెట్టిన్రు?"

పొగలోంచి గరిటె ముందు, ఆవిడ వెనక బయటికొచ్చారు.

"ఏం సారూ, మేం తెలంగాణ అడిగినం, బొగ్గుబాయి అడగలే."

పదిమంది కలిసి నా కారును పక్కకు నెట్టారు. మామ తువ్వాల దులిపి, మూటను భుజానికెత్తుకున్నారు.

"అల్లుడా, మేం నూలుకు ముడులు కట్టి రంగుల ముంచుతం. రంగు ఏడ ఒద్దో ఆడ ముడి. ముడి ఇప్పితే రంగు ఎక్కువనే పడ్తది, పువ్వే పోతది. నీ కంపెనోడు గూడ ఏదో చూసే కట్టిండు గదా. నువ్వెందుకు ఇప్పినవ్?"

అని దిల్‌సుఖ్‌నగర్ వైపు నడక మొదలుపెట్టారు. పన్నెండుకు ఐదు నిమిషాల ముందు దుకాణం మెట్లెక్కారు. వంటావార్పువాళ్లు నన్ను మాత్రం అన్నం పెట్టకుండా పంపలేదు. "పొగ నీదే గదా, నువ్వే రుచి చూడు" అని మొదటి విస్తరి నాకే వేశారు.

ఇప్పటికీ ఎవరైనా డీజిల్ కారుకు దమ్ము పెంచే డబ్బా పెట్టించమంటారా అని అడుగుతుంటారు. ముందు క్లచ్, బ్రేకులు, టైర్లు బాగున్నాయో లేదో చూసుకోండి, వేళకు ఆయిల్ మార్పించండి అంటాను. ఆ పని చేయిస్తే సగం దమ్ము దానంతటదే తిరిగొస్తుంది. మిగతా సగానికి ఖాళీ రోడ్డు కావాలి, అది ఏ మెకానిక్ దగ్గరా దొరకదు. నా మెకానిక్ కొత్త క్లచ్ వేసి, డబ్బా పీకేసి, "ఇప్పుడు చూడున్రి సార్, ఎంత మంచిగ నడుస్తున్నదో" అన్నాడు, అదీ తన ప్రతిభే అన్నట్టు.

ఇక ఇందులో కల్పించిందేదో చెప్పాలి. పొగ మలక్‌పేట దాకా పోలేదు, కానీ అది సాగదీత, అబద్ధం కాదు. అబద్ధం ఒక్కటే, మామ వేళకు చేరారన్నది. ఆయన మెట్లెక్కేసరికి పన్నెండున్నర అయింది. పెళ్లివాళ్లు వేరే చీర తీసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం ఆయన అదే మూటతో మా ఇంటికి తిరిగొచ్చి, "నువ్వు కట్టుకో బిడ్డా" అని మా ఆవిడ చేతిలో పెట్టారు. మా ఆవిడ ఆ చీర కట్టుకున్న రోజు ఎవరి పెళ్లికైనా సరే బస్సులోనే వెళ్తాం.