కాన్పు గది తలుపుకు అద్దం

కరోనా సద్దుమణిగిన ఏడాది వానాకాలంలో, భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఒక చిన్న ప్రభుత్వ దవాఖానాకు నన్ను హెడ్‌నర్సుగా వేశారు. కాన్పు గదిలో ఏ వస్తువు ఎక్కడుండాలో చూసుకునే బాధ్యత హెడ్‌నర్సుది. మార్చాలంటే మాట మాత్రం సూపరింటెండెంటుది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో గానీ, పోట్లాటకు భేషుగ్గా పనికొస్తుంది.

నేను చేరేనాటికే ఆ గది తలుపుకు అరచేయంత అద్దం బిగించి ఉంది. మాటిమాటికీ తలుపు తెరవకుండా డ్యూటీ డాక్టరు బయటినుంచే లోపలి పరిస్థితి చూడటానికి. అవసరమే, కాదనను. కాకపోతే కాన్పు బల్ల మీద తల్లి కాళ్లు పెట్టే వైపు సరిగ్గా దానికి ఎదురుగా ఉంది.

ములకలపల్లి అవతలి పల్లె నుంచి జోగమ్మ తొలిచూలు నొప్పులతో వచ్చింది. బీపీ విపరీతంగా ఉంది. వెనక్కి వెళితే దారిలోనే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా ఇద్దరూ పోవచ్చు. వాళ్ల అత్త ఆ గదిని ఒక్క చూపు చూసి, కోడలి చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"ఆ కంతల నుంచి మొగోళ్లు జూస్తరు. మా కాడ కాన్పు కాడికి మొగోని నీడ గూడ రానియ్యం. తోల్కపోత."

"పిల్ల సచ్చిపోతది, పెద్దమ్మా!" అన్నాను.

"నువ్వు పండుతవా ఆడ, గట్ల?"

వెంటనే వెళ్లి అద్దానికి కాగితం అంటించాను. సూపరింటెండెంటు గారు వచ్చి పీకేశారు.

"డాక్టర్‌కు కనపడక పేషెంట్‌కు ఏమన్న అయితే నువ్వు జవాబు చెప్తవా, సిస్టర్?"

అందులోనూ న్యాయం ఉంది. అందుకని కాగితం సంగతి వదిలేసి, పెద్దమ్మ ప్రశ్నే ఆయనకు అప్పజెప్పాను. "సార్, ఒక్క నిమిషం బల్ల మీద పండుకోన్రి."

"ఏంది, పరాచికాలా?"

"తనిఖీ, సార్."

వరండాలో అత్త అప్పటికే మూట సర్దుకుంటోంది. ఆయన అటు చూసి, బూట్లు విప్పి పడుకున్నారు. కాళ్లు ఎడంగా ఎత్తి బల్ల ఆసరాల మీద పెట్టమన్నాను, పెట్టారు. అప్పుడే అద్దంలో వాచ్‌మన్ మొహం కనిపించింది. సారు ఒక్క దూకున కిందికి దిగారు.

"తిప్పున్రి దీన్ని, జల్దీ!"

బల్ల తిప్పితే ఆక్సిజన్ పైపు అవతలి గోడకే ఉండిపోతుంది, పెద్ద లైటు కాన్పు చేసే మనిషి వీపు మీద పడుతుంది. సిలిండరు దొర్లించుకొచ్చాం, స్టాండు లైటు పెట్టాం. బల్ల తల తలుపు వైపుకు వచ్చింది. ఇప్పుడు డాక్టరుకు తల్లి మొహం, బీపీ మిషను, నర్సు చేతులు కనిపిస్తాయి. ఫిట్స్ కనిపెట్టడానికి కావలసింది అవే.

అత్త బయట నిలబడి అద్దంలోంచి చాలాసేపు పరీక్షించింది. "అవ్, ఇగ నడువు," అంది కోడలితో. లోపలికొచ్చి అద్దానికి వీపు అడ్డం పెట్టి నిలబడింది. పక్కకు జరగమంటే, "నా కోడలు, నా ఇష్టం," అంది. బీపీ దిగడానికి మందు నడుస్తుండగానే ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ దక్కారు.

తలుపుకు కంత పెట్టేవాళ్లు చూసేవాడి ఎత్తు కొలుస్తారు, లోపల పడుకున్న మనిషిని లెక్కలోకి తీసుకోరు. పోయినేడు స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా, ఎక్కడికి బదిలీ అయినా ముందు కాన్పు బల్ల మీద పడుకుని తలుపు వైపు చూసేదాన్ని. రెండు చోట్ల బల్ల తిప్పేదాకా చార్జి తీసుకోలేదు.